జెమ్ అంటే ముందు రాయి కాదు, మొగ్గ
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ రోజు ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి మాట్లాడతాను. జెమ్. మనం తెలుగులో మాట్లాడుకుంటున్నప్పుడు కూడా ఇది వచ్చేస్తూ ఉంటుంది, "ఆయన మనిషి జెమ్ అండీ" అంటాం, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక మంచి సినిమా కనబడితే హిడెన్ జెమ్ అని నలుగురికీ చెప్తాం, రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో పనిచేసేవాళ్ళయితే రోజుకి పదిసార్లు "ఆ జెమ్ ఇన్‌స్టాల్ చేశావా" అని అడుగుతారు. నిఘంటువు తీస్తే విలువైన రాయి, రత్నం, మణి అని ఉంటుంది. అక్కడితో ఆగిపోతాం. కానీ ఈ మాట పుట్టినప్పుడు దీనికి రాయితో ఏ సంబంధమూ లేదు. లాటిన్‌లో గెమ్మ అంటే మొగ్గ.

మొగ్గ అనగానే పూలమొగ్గ అనుకోకండి. ద్రాక్ష తీగ చలికాలమంతా ఎండు పుల్లలా పడి ఉంటుంది, వసంతం రాగానే కణుపుల దగ్గర చిన్న బొడిపెలు ఉబ్బడం మొదలవుతాయి, ఆకూ కొమ్మా పూతా అన్నీ అందులోంచే రావాలి. ఆ బొడిపె గెమ్మ. దాని మీంచి గెమ్మారె అని ఒక క్రియ కూడా ఉంది, తీగ మొగ్గ తొడగడం అని అర్థం. రోమన్ రైతు నోట్లో రోజూ ఆడిన మాట ఇది.

అయితే రోమన్ పండితులు దీన్ని పూర్తిగా తలకిందులుగా అర్థం చేసుకున్నారు. సిసెరో పేరు మీరు వినే ఉంటారు, రోమ్‌లో అంతటి వక్త లేడంటారు. ఆయన క్రీ.పూ. 55లో వక్తృత్వం మీద రాసిన పుస్తకంలో రూపకం ఎలా పుట్టిందో చెప్తాడు. బట్టలు ముందు చలి ఆపుకోవడానికి పుట్టాయి, తర్వాత అలంకారం అయ్యాయి, అలాగే రూపకం కూడా ముందు మాట దొరక్క పుట్టింది, తర్వాత సొగసు కోసం వాడుకున్నాం అంటాడు. దానికి ఉదాహరణ ఏమిచ్చాడో చూడండి: పల్లెటూరివాళ్ళు కూడా ద్రాక్ష తీగలు గెమ్మలు తొడిగాయి అంటారు కదా, అని. అంటే ఆయన లెక్కలో రత్నం అసలు అర్థం, మొగ్గ అరువు అర్థం. ఆయన తర్వాత సుమారు 150 ఏళ్ళకి క్వింటిలియన్ అనే గురువు వచ్చి అదే మాట ఇంకొంచెం గట్టిగా అన్నాడు, పాపం రైతులు మాత్రం ఏం చేస్తారు, దానికి ఇంకో మాట ఏముంది, తప్పనిసరై గెమ్మ అంటున్నారు, అని.

నాకు ఈ సంగతి చాలా విలువైనదిగా అనిపిస్తుంది. నగరంలో ఉండే ఇద్దరు పెద్ద పండితులు, ఇద్దరికీ లాటిన్ పుట్టినప్పటి నుంచి వచ్చిన భాషే, ఇద్దరూ రైతు మాట రాళ్ళ వ్యాపారి దగ్గర్నుంచి వచ్చిందని నమ్మారు. వాళ్ళ చుట్టూ రత్నాలే ఎక్కువ కనిపించేవి మరి. రత్నం లేని ఊరు ఉంటుంది గానీ మొగ్గ లేని ఊరు ఉండదన్న ఆలోచన వాళ్ళకి రాలేదు.

మరి మొగ్గే ముందని ఇవాళ ఎలా చెప్తున్నారు అని మీరు అడగాలి. దీనికి లాటిన్ ఒక్కటీ చూస్తే సరిపోదు, దాని చుట్టాల దగ్గరికి వెళ్ళాలి. లాటిన్, గ్రీకు, సంస్కృతం, రష్యన్, ఇంగ్లీషు, ఇవన్నీ ఒకే పాత భాష నుంచి చీలినవని మీకు తెలుసు. చాలామంది భాషావేత్తలు గెమ్మని కలిపే చుట్టాలు ఇవి: రష్యన్‌లో జుబ్, అంటే పన్ను. గ్రీకులో గొంఫోస్, అంటే మేకు, సీల. ఇంగ్లీషులో కోంబ్, అంటే పళ్ళున్న దువ్వెన. సంస్కృతంలో జంభ, అంటే కోర, దవడ. ఈ చివరిది మనకి కొత్తది కాదు. ఇంద్రుణ్ణి జంభారి అని పద్యాల్లో పిలుస్తారు, జంభుడనే రాక్షసుణ్ణి చంపినవాడు అని, ఆ రాక్షసుడి పేరులో ఉన్నది ఈ నమిలి మింగే జంభమే. ఈ కుటుంబంలో ఎక్కడ వెతికినా పళ్ళూ మేకులూ కనిపిస్తాయి గానీ రత్నం కనిపించదు. రత్నం అన్న అర్థం లాటిన్‌లో మాత్రమే ఉంది. అంటే అది ఆ ఇంట్లో తర్వాత పుట్టిన అర్థం.

పన్నుకీ మొగ్గకీ ఏమిటి సంబంధం అని ఇంగ్లీషు చదివేవాళ్ళకి వివరించాలంటే పేజీలు పడుతుంది. తెలుగువాళ్ళకి ఒక్క మాట చాలు. పిల్లాడికి పన్ను ఏమవుతుంది? మొలుస్తుంది. గింజ ఏమవుతుంది? అదీ మొలుస్తుంది. చిగుళ్ళలోంచి చర్మం చీల్చుకుని తెల్లగా పైకి వచ్చేదీ, బెరడు చీల్చుకుని పచ్చగా పైకి వచ్చేదీ మనకి ఒకటే క్రియ. ఆ చిగుళ్ళు అన్న మాట చూడండి, చిగురుకి ఎంత దగ్గరగా ఉందో! పాత స్లావిక్ భాషలో కూడా ఈ పన్ను కుటుంబంలోని క్రియకే మొలకెత్తడం అన్న అర్థం ఉంది. కాబట్టి లాటిన్‌వాడు మొలిచేదాన్ని గెమ్మ అన్నాడంటే అందులో వింతేమీ లేదు. అందరూ ఒప్పుకున్న వ్యుత్పత్తి ఇది ఒక్కటే అని నేను అనను, వేరే ధాతువు చూపించేవాళ్ళూ ఉన్నారు, కానీ వాళ్ళు కూడా మొగ్గ ముందు, రత్నం తర్వాత అన్న వరస మార్చరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మొగ్గ పేరు రాయికి ఎందుకు పెట్టారు?

రత్నం అంటే ఇవాళ మన కళ్ళ ముందు కనబడేది కోణాలూ పలకలూ ఉన్న, తళతళ మెరిసే వస్తువు. ఫోన్‌లో జెమ్ ఎమోజీ కూడా అలాగే ఉంటుంది, పైన చదును, కింద మొన. ఆ బొమ్మ మనసులో పెట్టుకుంటే మొగ్గకీ దీనికీ పోలిక ఎప్పటికీ దొరకదు. ఎందుకంటే రాయికి ఇలా పలకలు తీయడం యూరప్‌లో 14వ శతాబ్దం నుంచి మెల్లగా మొదలైన పని. వజ్రం లోపలికి వెళ్ళిన వెలుగు ఎన్ని డిగ్రీల కోణంలో తిరిగి బయటికి వస్తే ఎక్కువ మెరుస్తుందో లెక్కలు కట్టి మార్సెల్ టోల్కోవ్‌స్కీ పుస్తకం వేసింది 1919లో. అంటే మనం రత్నం అనగానే ఊహించుకునే ఆకారం చాలా కొత్తది.

రోమన్ల దగ్గర ఉన్న రాళ్ళు వేరు. వజ్రాన్ని కోయడం వాళ్ళకి రాదు. గార్నెట్, ఎమెథిస్ట్, కార్నీలియన్ లాంటి రంగు రాళ్ళని అరగదీసి, నున్నగా, గుండ్రంగా, పైకి ఉబ్బెత్తుగా చేసి పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ పద్ధతిని కాబషాన్ అంటారు, తల అనే అర్థం ఉన్న పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. అలాంటి రాయిలో తళుకు ఉండదు, లోపల ఎక్కడో నిండుగా రంగు ఉంటుంది. చిన్నది, గుండ్రనిది, నున్నటి పొర కింద రంగు బిగబట్టుకుని ఉన్నది. విచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్న ద్రాక్ష మొగ్గని దగ్గరగా చూసినవాడికి ఈ పేరు తట్టడానికి ఎంతసేపు పడుతుంది? ముద్ర వేయడానికి బొమ్మ చెక్కిన రాళ్ళు చదునుగా కూడా ఉండేవి, కాదనను, వాటినీ గెమ్మ అనే అన్నారు. కానీ పేరు పుట్టింది మాత్రం ఉబ్బెత్తు రాయి దగ్గరే అని నా నమ్మకం. ఈ పద్ధతి ఇప్పటికీ చావలేదు. నక్షత్ర నీలంలో, అంటే స్టార్ సఫైర్‌లో, ఆరు కిరణాల చుక్క కనిపించాలంటే రాయిని గుండ్రంగానే తీయాలి, పలకలు తీస్తే ఆ చుక్క మాయమవుతుంది, ఎందుకంటే అది లోపల వరసగా పేరుకున్న రూటైల్ అనే ఖనిజపు సన్నటి సూదుల మీద వెలుగు పడి ఏర్పడేది, దాన్ని ఒకచోటికి చేర్చడానికి ఆ గోపురం లాంటి ఆకారం కావాలి. మణులన్నిటికీ కోతే అందం అనుకునేవాళ్ళు ఒకసారి అలాంటి రాయిని ఎండలో తిప్పి చూడాలి.

ఈ రెండు అర్థాలూ ఒకే చేతిలో కనిపించే చోటు ఒకటుంది. రోమన్ కవి వర్జిల్ క్రీ.పూ. 29 నాటికి పూర్తిచేసిన వ్యవసాయ కావ్యంలో రెండో భాగం చెట్ల గురించి. అందులో మొదట అంటు కట్టడం వర్ణిస్తూ, బెరడు మధ్యలోంచి గెమ్మలు తోసుకొచ్చి పల్చటి పొరలు చీల్చే చోటు అంటాడు. అక్కడ గెమ్మ మొగ్గ. అదే భాగం చివరికి వచ్చేసరికి డబ్బు మీద ఆశతో ఊళ్ళు కూలదోసేవాడి గురించి చెప్తూ, గెమ్మలో తాగడం కోసం ఇదంతా చేస్తాడు అంటాడు. అక్కడ గెమ్మ రత్నాన్ని తొలిచి చేసిన పాత్ర. రైతు గెమ్మతో మొదలై ధనవంతుడి గెమ్మ దాకా ఒకే భాగంలో నడిపించాడు కవి. కావాలని చేశాడో లేదో గానీ, చదివినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది.

అంటు కట్టడం అన్నాను కదా, అక్కడ ఇంకో మాట కూడా ఉంది. లాటిన్ రైతులు మొగ్గని కన్ను అని కూడా అనేవాళ్ళు, ఓకులుస్. మనమూ అంతే, చెరకు గడ మీద మొలక వచ్చే చోటుని కన్ను అంటాం. ఒక చెట్టు కన్ను తీసి ఇంకో చెట్టు బెరడులో పెట్టడాన్ని లాటిన్‌లో ఇనోకులారె అన్నారు. ఇంగ్లీషు ఇనాక్యులేషన్ అదే, టీకా వేయడం అన్న అర్థం చాలా తర్వాత వచ్చింది. అంటే మొగ్గ, కన్ను, రత్నం, ఈ మూడూ లాటిన్‌లో ఒకదాని పక్కన ఒకటి తిరిగాయి. ఓవిడ్ కవి చెప్పిన నెమలి కథ గుర్తుచేసుకోండి. వంద కళ్ళున్న ఆర్గస్ చనిపోతే జూనో దేవత ఆ కళ్ళు తీసి తన పక్షి ఈకల్లో పొదిగి, తోకని చుక్కల్లాంటి గెమ్మలతో నింపింది అంటాడు. నెమలి కన్ను అని మనమూ అంటాం, అక్కడ అదే కన్ను రత్నమైంది.

ఇక ఇది ఇంగ్లీషులోకి ఎలా వచ్చిందో చూద్దాం. ఒకసారి కాదు, రెండుసార్లు వచ్చింది. మొదట చాలా పాతకాలంలో లాటిన్ నుంచి నేరుగా జర్మానిక్ భాషల్లోకి, అక్కడి నుంచి పాత ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పటి రాత గిమ్, పలికేది మాత్రం దాదాపు యిమ్ అని. అప్పటి ఇంగ్లండులో రాళ్ళ పని ఎంత గొప్పగా ఉండేదో తెలియాలంటే సట్టన్ హూ చూడాలి, 1939లో తవ్వకాల్లో బయటపడ్డ 7వ శతాబ్దపు ఓడ సమాధి, అందులో బంగారు గళ్ళలో ఎర్రటి గార్నెట్ ముక్కలు పొదిగిన, భుజాల దగ్గర బట్టని బిగించే కొక్కేలూ పర్సు మూతా దొరికాయి. ఆ కాలం మనుషులు గిమ్ అనే మాటని రాళ్ళకే పరిమితం చేయలేదు. పాత ఇంగ్లీషులో ఉన్న బేవుల్ఫ్ కావ్యంలో ఒకచోట పొద్దు వాలింది అని చెప్పడానికి "ఆకాశపు గిమ్ నేల మీదుగా జారిపోయాక" అని ఉంటుంది. ఆకాశపు మణి అంటే సూర్యుడు.

ఇది చదివిన తెలుగువాడు ఎవడైనా ఆగిపోతాడు. ద్యుమణి! ద్యు అంటే ఆకాశం, ద్యుమణి అంటే సూర్యుడు. దినమణి, అంబరమణి, గగనమణి, ఇవన్నీ మన పద్యాల్లో ఉన్నవే. ఆ ఇంగ్లీషు కవికి సంస్కృతం తెలిసే అవకాశం లేదు, మన కవులకి ఆ చలిదేశపు పాత భాష తెలిసే అవకాశమూ లేదు. ఎక్కడి మనిషైనా తలెత్తి చూస్తే అదే తోచింది. అలాగే పాత ఇంగ్లీషులో తలలోని మణులు అనే సమాసం ఉంది, అంటే కళ్ళు. మళ్ళీ కన్నూ రత్నమూ కలిశాయి చూశారా.

1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక ఫ్రెంచి మాటలు వరదలా వచ్చాయి, వాటిలో జెమ్ కూడా ఉంది. లాటిన్ గ ఫ్రెంచి నోట్లో జ అయింది. కొన్నాళ్ళు యిమ్, జెమ్ రెండూ నడిచాయి, చివరికి పాతది పోయింది, ఫ్రెంచి ఉచ్చారణ నిలిచింది. ఇవాళ మనం పలికేది రెండోసారి వచ్చిన మాట.

ఇక్కడ ఎవరో జ్యువెల్ అంటే కూడా ఇదే కదా అని చీటీ పంపించారు. కాదండీ. జ్యువెల్ పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని వెనక లాటిన్‌లో ఆట, సరదా అనే అర్థం ఉన్న యోకుస్ ఉందని ఎక్కువమంది అంటారు, జోక్ కూడా అందులోంచి వచ్చిందే. సంతోషం అనే అర్థం ఉన్న గౌదియుమ్ నుంచి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. ఏదైనా సరే, జ్యువెల్ అంటే ముచ్చటపడి దాచుకునే వస్తువు, రాయే కానక్కర్లేదు. లండన్ టవర్‌లోని క్రౌన్ జ్యువెల్స్‌లో వెండి బూరలూ రాజదండాలూ కూడా ఉంటాయి. జెమ్ రాయి, జ్యువెల్ నగ, స్థూలంగా అలా పెట్టుకోండి. ఇంకొకరు జెమిని కూడా దీని చుట్టమేనా అని అడిగారు. కాదు, అది కవలలు అనే అర్థం ఉన్న వేరే లాటిన్ మాట.

మన రత్నం, మణి సంగతి కూడా ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఋగ్వేదం మొదటి మంత్రంలోనే అగ్నిని రత్నధాతమం అని పిలుస్తారు, అక్కడ రత్నం అంటే సంపద, ఇచ్చే కానుక. అథర్వవేదంలో మణి అంటే రక్ష కోసం కట్టుకునేది, అది చెక్కతో కూడా చేసేవాళ్ళు. అక్కడా రాయి తర్వాతే వచ్చింది.

నాకు ఇంకా బాగా నచ్చేది ఏమిటంటే, రాళ్ళ వ్యాపారం మాట్లాడే భాషలో ఎన్ని మొక్కలు దాక్కుని ఉన్నాయో. కారట్ తీసుకోండి. రాయి తూకం అది, ఇప్పుడు కచ్చితంగా 0.2 గ్రాములు, 1907లో అంతర్జాతీయంగా అలా ఖాయం చేశారు. ఆ మాట అరబ్బీ ఖీరాత్ నుంచి, అది గ్రీకు కెరాతియోన్ నుంచి. కెరాతియోన్ అంటే చిన్న కొమ్ము, కొమ్ములా వంకర తిరిగిన కాయ కాసే కారబ్ చెట్టుకి ఆ పేరు, దాని గింజల్ని తూకానికి వాడేవాళ్ళు. ఆ గింజలన్నీ అచ్చం ఒకే బరువు ఉంటాయని చాలా చోట్ల రాస్తారు, అది నిజం కాదు, మిగతా గింజల్లాగే వాటి బరువులూ మారుతూ ఉంటాయి. గార్నెట్ అన్న పేరుని దానిమ్మతో ముడిపెడతారు, లోపలి గింజ రంగు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. క్రిసోప్రేజ్ అనే ఆకుపచ్చ రాయి పేరులో గ్రీకు బంగారం, ఉల్లి జాతికి చెందిన లీక్ మొక్క రెండూ ఉన్నాయి. మొగ్గ, గింజ, పండు, ఆకు! భూమి లోపల దొరికేవాటికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు మనుషులు భూమి మీద పెరిగేవాటి వైపే చూశారు.

ఇంకో సంగతి, మొగ్గ అర్థం చచ్చిపోలేదు. ఇటాలియన్‌లో ఇవాళ్టికీ జెమ్మ అంటే మొగ్గా, రత్నమూ రెండూ. వృక్షశాస్త్రం చదువుకున్నవాళ్ళకి మార్కాంషియా గుర్తుండే ఉంటుంది, తడి నేల మీద పరుచుకునే చిన్న మొక్క, దాని మీద గిన్నెల్లాంటివి ఉంటాయి, వాటిని జెమ్మా కప్పులు అంటారు. వర్షపు చుక్క పడితే ఆ గిన్నెలోని పచ్చటి బిళ్ళలు ఎగిరి పడి, ఒక్కొక్కటీ కొత్త మొక్క అవుతుంది. విత్తనం అక్కర్లేదు. నీళ్ళలో బతికే స్పంజికల్లో జెమ్యూల్స్, అంటే చిన్న మొగ్గల్లాంటివి, ఉంటాయి. డార్విన్ కూడా 1868లో, తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకి ఎలా వెళ్తాయో ఊహిస్తూ, ఒంట్లోని ప్రతి భాగం నుంచీ చిన్న చిన్న కణికలు బయల్దేరతాయని అనుకుని వాటికి జెమ్యూల్స్ అని పేరు పెట్టాడు. ఆ సిద్ధాంతం తప్పని తేలింది, కానీ ఆ పేరులో మొగ్గ ఉంది. జీన్ అనే మాట దీని నుంచి వచ్చిందని కొందరు పొరబడతారు, అది గ్రీకు నుంచి వచ్చిన వేరే మాట.

ఫ్రెంచిలో అయితే ఈ మాట మరీ దూరం వెళ్ళింది. గనిలో గడ్డలుగా దొరికే ఉప్పుని సెల్ జెమ్ అంటారు, రత్నపు ఉప్పు. పైన్ చెట్టు బెరడుకి గాటు పెడితే కారే జిగురుని కూడా జెమ్ అనే అంటారు, ఆ జిగురు తీసే పనికి జెమ్మాజ్ అని పేరు. నైరుతి ఫ్రాన్స్‌లోని లాండ్ అడవుల్లో 19వ శతాబ్దంలో వేల కుటుంబాలకి అదే బతుకు, చెట్టుకి గాటు పెట్టి, కింద మట్టి కుండ వేలాడదీసి, నిండాక పోగుచేసుకునేవాళ్ళు. టర్పెంటైన్ దాన్నుంచే తీస్తారు. ఆ జిగురు బెరడు మీద బొట్టు బొట్టుగా, గుండ్రంగా, పసుపు రంగులో నిలబడుతుంది. సిసెరో ఊహించినట్టు రత్నం పేరు చెట్టుకి పెట్టడం అనేది ఎక్కడైనా జరిగిందంటే ఇక్కడ జరిగింది. బెరడు మీది మొగ్గగా మొదలైన మాట రాయి దాకా వెళ్ళి, రాయి పేరుగా మళ్ళీ బెరడు మీదికి వచ్చింది.